ఆతిథ్య నిరోధక అధికారి

నాంచారయ్యకి చాలా ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. ఎక్కడో సముద్రాలకవతల చలిదేశంలో ఒక తల్లి తన కాఫీ డబ్బు మిగిల్చి పేదలకని ఇస్తుంది. అది అక్కడి పెద్దాఫీసుకి చేరుతుంది. పెద్దాఫీసు నుంచి ఢిల్లీ ఆఫీసుకి, ఢిల్లీ నుంచి హైదరాబాదు ఆఫీసుకి, హైదరాబాదు నుంచి జిల్లా ఆఫీసుకి వచ్చి, చివరికి జీపెక్కి చప్పిడిపాలెం చేరుతుంది. మరి ఆ దానం తాలూకు పుణ్యం ఎవరికి పోతుంది? ఇచ్చిన తల్లికా, పంచిన ఆఫీసులకా, జీపు తోలిన డ్రైవరుకా? ఉప్పు బస్తాని మడి దగ్గర కాటా వేస్తే ఒక తూకం, గోడౌనులో దింపాక ఇంకో తూకం. దారిలో కరిగి కారిపోయిన దాన్ని తరుగు అంటారు. పుణ్యానికి కూడా తరుగుంటుందా?

ఒకసారి రామాలయం పూజారి గారిని అడిగాడు. ఆయన చేతిలో తీర్థం పోసి, “నువ్వు పుచ్చుకునేవాడివి నాంచారయ్యా. పుణ్యం సంగతి ఇచ్చేవాళ్ళు చూసుకుంటారు. నీకెందుకీ తూకాలు?” అన్నారు. సబబుగానే ఉందనిపించింది. కాని గుడి మెట్లు దిగేసరికి సందేహం మళ్ళీ భుజమెక్కి కూర్చుంది.

చప్పిడిపాలెం ఉప్పు మడుల మధ్య ఉన్న ఊరు. ఉప్పు పండించే ఊరికి ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో తెలియదు. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. అన్నం వండాలన్నా, పసిపిల్లలకి పాలపొడి కలపాలన్నా ఆడవాళ్ళు బిందెలెత్తుకుని మండే ఇసకలో కాలవ రేవు దాకా నడవాల్సిందే. నాంచారయ్య భార్య శేషారత్నానికి ఆ నడకలోనే మోకాళ్ళు అరిగిపోయాయి.

అలాంటి ఊళ్ళో భూగోళ కారుణ్య సమాఖ్య వారు నీళ్ళ ప్లాంటు పెట్టారు. ఉప్పునీళ్ళు ఒక గొట్టంలోంచి లోపలికి పోయి ఇంకో గొట్టంలోంచి తియ్యగా బయటికొచ్చేవి. కరెంటు బిల్లూ, లోపల మార్చాల్సిన వడపోత సామాను ఖర్చూ సమాఖ్యవే. లబ్ధిదారుల సంఘానికి నాంచారయ్యని అధ్యక్షుణ్ణి చేశారు. ఆయన సంతకం చెయ్యగలడు. ఆయన అరుగు మీద ఆఫీసర్లు కూర్చోవడానికి నవారు మంచం ఉంది. అంతకు మించిన అర్హత ఎవరూ అడగలేదు.

సమాఖ్య జిల్లా సమన్వయకర్త విద్యాధర్ గారు మంచి మనిషి. ఆయన మాట్లాడితే ఎదుటివాళ్ళకి సగమే అర్థమయ్యేది. ఆ సగమే చాలా గొప్పగా ఉండేది. ప్లాంటు తెరిచిన రోజున, పక్కింటి ముసలావిడ ఆదెమ్మ ఆయన్ని పట్టుకుంది.

“ఇంత డబ్బు వాళ్ళకెక్కడిది బాబూ?”

“రకరకాల నిధి సమీకరణ ప్రక్రియలుంటాయమ్మా. కొందరు కేకులు చేసి అమ్ముతారు. కొందరు నెలనెలా జీతంలోంచి ఇస్తారు. కొందరు పరిగెత్తుతారు.”

“పరిగెత్తుతారా?”

“అవును. ‘నేను ఇంత దూరం పరిగెత్తుతాను, మీరింత ఇవ్వండి’ అని చుట్టాల్నీ స్నేహితుల్నీ అడుగుతారు. ఆ వచ్చింది మనకి పంపిస్తారు.”

“వెనకాల ఎవరన్నా తరుముతారా?”

“లేదమ్మా. స్వచ్ఛందంగా.”

ఆదెమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “మన నీళ్ళ కోసం వాళ్ళకెంత కష్టం వచ్చిందో చూడు” అంది. ఆనాటి నుంచి బిందె నింపుకున్నప్పుడల్లా సముద్రం వైపు తిరిగి, “నిదానంగా పరిగెత్తండి నాయనా, పడతారు” అని చెప్పేది.

సమాఖ్య నియమావళిలో ఒక నియమం ఉంది. సాయం పొందుతున్న ఊరు ఆ సాయానికి తగినంత బీదగా ఇంకా ఉందో లేదో అప్పుడప్పుడు చూసుకోవాలి. దీన్ని స్థితిగతుల మదింపు అంటారు. మదింపు బృందం ముందుగా చెప్పకుండా రావాలన్నది ఇంకో నియమం. ఆ ప్రకారం హైదరాబాదు నుంచి ఒక బృందం చెప్పకుండా వచ్చింది. సరిగ్గా మిట్టమధ్యాహ్నం, అన్నాల వేళకి వచ్చింది.

చప్పిడిపాలేనికి నియమావళి లేదు గాని ఒక పద్ధతుంది. వేళకి వచ్చిన మనిషి ఆకలితో ఊరు దాటకూడదు. ఆ మనిషి చుట్టమా, బాకీ వసూలుకొచ్చినవాడా, ఓటు అడగడానికొచ్చినవాడా అన్నది చెయ్యి కడుక్కున్నాక ఆలోచించాల్సిన సంగతి.

ఆ రోజు శనివారం. నాంచారయ్య ఒంటిపూట ఉంటాడు. ఇంట్లో ఉన్నదల్లా గంజీ, మాగాయ ముక్కా. శేషారత్నం పెరటి గుమ్మంలోంచి ఒక్క కేక వేసింది. ఆ కేకకి అర్థం ఊరందరికీ తెలుసు. ఒక ఇంటి నుంచి బియ్యం, ఒక ఇంటి నుంచి నూనె, ఇంకో ఇంటి నుంచి పొద్దున్నే వలలో పడిన రొయ్యలు వచ్చాయి. పండక్కని దాచుకున్న నెయ్యి ఆదెమ్మ కొంగు చాటున తెచ్చింది. బడి నుంచి ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి. ఊరంతా ఆ పూట పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుని, బృందానికి ఆరు కూరలతో వడ్డించింది. బృందం తృప్తిగా తిని, ప్రతి కూరకీ ఫోటో తీసుకుని, జీపెక్కింది.

నెల తిరక్కుండానే విద్యాధర్ గారు విచారంగా వచ్చి నవారు మంచం మీద కూర్చున్నారు.

“నాంచారయ్య గారూ, మీ గ్రామ దారిద్ర్యంలో స్థిరత్వం లోపించింది.”

“అంటే ఏంటండీ?”

“విపన్న శ్రేణి నుంచి సమృద్ధ శ్రేణికి వెళ్ళిపోయారు. మధ్యలో చాలా మెట్లున్నాయి. ఒక్క పూటలో అన్ని మెట్లూ ఎక్కేసిన గ్రామం సమాఖ్య చరిత్రలో లేదు. ‘ఆహార వైవిధ్యం ఆశ్చర్యకరం. తలసరి నెయ్యి వినియోగం నగరాలను మించి ఉన్నది’ అని రాశారు.”

“అది ఆదెమ్మ నెయ్యండీ.”

“నెయ్యి ఎవరిది అన్న గడి నమూనాలో లేదు. నెయ్యి ఉన్నదా లేదా అన్న గడి ఉన్నది.”

“వేళకి వచ్చారు కదండీ. పెట్టకుండా ఎట్లా పంపిస్తాం?”

విద్యాధర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “అక్కడే వచ్చింది చిక్కు. మీరు పేదవారే, కాదనను. కాని పేదవారిగా ప్రవర్తించడం లేదు.”

“మరి ప్లాంటు సంగతి?”

“సమృద్ధ గ్రామానికి ఉచిత జలం అందితే దాతల మనోభావాలు దెబ్బతింటాయి. ఎండాకాలం ముదరకముందే పునర్మదింపు జరుగుతుంది. అందులో పాత శ్రేణికి దిగితే సరే. దిగకపోతే తాళం.”

శేషారత్నం గుమ్మం పక్కన నిలబడి వింటోంది. ఆమె చెయ్యి ఆమెకి తెలియకుండానే మోకాలి మీదికి పోయింది.

సమాఖ్య ఎవరినీ నట్టేట వదిలిపెట్టదు. చప్పిడిపాలెం తన బీదరికాన్ని తాను కాపాడుకోవడానికి తగిన నైపుణ్యం కోసం ‘ఆతిథ్య నియంత్రణ శిక్షణ’ మంజూరు చేసింది. దానికి నిధులు దండిగా ఉన్నాయి. వడపోత సామాను పద్దు వేరు, శిక్షణ పద్దు వేరు. ఇందులోది అందులోకి పోవడానికి వీల్లేదు. పట్టణంలో చల్లటి గదులున్న హోటల్లో శిక్షణ జరిగింది. మధ్యాహ్నం బిర్యానీ, ఐస్ క్రీం పెట్టారు. భోజనం పెట్టకపోవడం ఎలాగో నేర్చుకునేవాళ్ళకి భోజనం పెట్టి తీరాలని నియమావళిలో ఉందట.

నేర్పడానికి మురహరి అనే సన్నటి అధికారి హైదరాబాదు నుంచి వచ్చాడు. చాలా ఓర్పుగల మనిషి.

“ఇప్పుడు నేను అతిథిని. మధ్యాహ్నం అయింది. తలుపు తడతాను. మీరు ‘మా ఇంట్లో ఏమీ లేదండీ’ అనాలి. చిన్న వాక్యం. అంతకంటే ఏమీ అక్కర్లేదు” అని, బల్ల మీద వేలితో తట్టాడు.

మొదట ఆదెమ్మ లేచింది. “ఎవరు బాబూ, ఇంత ఎండన పడి వచ్చావు? లోపలికి రా.”

“అమ్మా, ‘ఏమీ లేదు’ అనాలి.”

“అంటాన్లే. ముందు కాళ్ళు కడుక్కో.”

తరవాత నాంచారయ్య వంతు. ఆయన గొంతు సవరించుకుని, “మా ఇంట్లో” అని అక్కడ ఆగిపోయాడు. “ఇవాళ శుక్రవారం కదండీ. ఇంట్లో ఏమీ లేదన్న మాట శుక్రవారం నాడు నోటితో ఎట్లా అనమంటారు? ఇంకో రోజు అంటాను” అన్నాడు.

“పునర్మదింపు కూడా శుక్రవారమే వస్తే?”

“వాళ్ళు తిన్నాక, శనివారం పొద్దున్నే అనేస్తానండీ.”

శేషారత్నం మాత్రం మాట తడబడకుండా, మురహరి కళ్ళలోకి చూస్తూ, “మా ఇంట్లో ఏమీ లేదండీ” అంది. గది అంతా చప్పట్లు కొట్టింది. మురహరి మొహం వెలిగిపోయింది. శేషారత్నం చప్పట్లు ఆగేదాకా ఆగి, హోటలు వాళ్ళిచ్చిన అరటిపండు కొంగులోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. “పాఠం అయిపోయింది కదా, తినండి. పొద్దుణ్ణించీ నిలబడే ఉన్నారు” అంది.

‘శిక్షణార్థుల సైద్ధాంతిక అవగాహన సంతృప్తికరం. ఆచరణలో అంతరం కలదు’ అని మురహరి నివేదిక రాశాడు. ఆ అంతరం పూడ్చడానికి సమాఖ్య ఒక కొత్త ఉద్యోగం సృష్టించింది. దాని పేరు ఆతిథ్య నిరోధక అధికారి. పొద్దున బస్సులో ఊరికి రావడం, సాయంత్రం బస్సులో వెళ్ళిపోవడం, ఈలోగా ఊళ్ళో ఎవరూ పైవాళ్ళకి ముద్ద పెట్టకుండా కాపలా కాయడం ఆ అధికారి పని. తాను కూడా ఊళ్ళో మజ్జిగ చుక్కైనా ముట్టకూడదు. నిరోధించేవాడే భోంచేస్తే నిరోధానికి గౌరవం ఏముంటుంది? ఆ ఉద్యోగం మురహరికే ఇచ్చారు.

మురహరి మర్నాడే వచ్చి ప్లాంటు పక్కన రేకుల నీడలో కూర్చున్నాడు. మధ్యాహ్నం కాగానే సంచీలోంచి బిస్కెట్లు తీసి కొరకడం మొదలుపెట్టాడు. బిస్కెట్లు తినడాన్ని చప్పిడిపాలెం తిండి కింద లెక్కెయ్యదు. శేషారత్నం పొయ్యి మీద అన్నం పడేస్తూ గుమ్మంలోంచి చూసింది. మనిషి ఎండిపోయిన మొహంతో బిస్కెట్టు నములుతున్నాడు. ఆమె గిన్నె దింపేసింది.

“ఏమయింది?” అన్నాడు నాంచారయ్య.

“ఆయన అట్లా కూర్చుని ఉంటే, ఈ వాసన ఆయన ముక్కుకి తగిలేట్టు మనం వండుకు తింటామా? ముద్ద దిగుతుందా?”

నాంచారయ్య లేచి చెయ్యి కడుక్కోబోయిన చెంబు తీసి లోపల పెట్టేశాడు. పక్కింట్లో ఆదెమ్మదీ అదే మాట. ఆ పక్కింట్లోనూ అంతే. పసిపిల్లలకి చద్దన్నం చాటుగా తినిపించి, పెద్దవాళ్ళు సాయంత్రం బస్సు కదిలేదాకా పస్తున్నారు. మూడు రోజులు తిరిగేసరికి పగటిపూట ఊళ్ళో పొయ్యి అన్నది వెలగడం మానేసింది. మడుల్లో ఉప్పు గోకే మగవాళ్ళు మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి గట్టు మీద కూలబడుతున్నారు.

‘గ్రామంలో పగటివేళ ఒక్క పొయ్యి కూడా వెలగడం లేదు. శిక్షణ పూర్తిగా ఫలించింది’ అని మురహరి రాశాడు. జిల్లా ఆఫీసు హైదరాబాదుని అభినందించింది. హైదరాబాదు ఢిల్లీని అభినందించింది. చలిదేశంలో పెద్దాఫీసు వారు ‘చప్పిడిపాలెం నమూనా’ని ఇతర ఖండాల్లో కూడా ప్రవేశపెట్టే ఆలోచన చేస్తున్నట్టు కబురొచ్చింది.

ఒక మధ్యాహ్నం మురహరి ఉండబట్టలేక నాంచారయ్యని అడిగాడు. “నాకొక్కడికే చెప్పండి. మీ ఇళ్ళల్లో నిజంగానే ఏమీ లేదా?”

“ఉందండీ.”

“మరి వండుకోరేం?”

“మీరు తినలేదు కదండీ.”

మురహరి చేతిలోని బిస్కెట్టు నోటి దాకా వెళ్ళి ఆగింది. ఈ సంగతి నివేదికలో ఏ గడిలో రాయాలో ఆయనకి తోచలేదు. మర్నాటి నుంచి ఆయన మధ్యాహ్నం కాగానే గొడుగు వేసుకుని ఊరి బయట బస్సాగే చోటి దాకా నడిచి వెళ్ళి కూర్చునేవాడు. ఆ కాసేపట్లో ఊరు హడావుడిగా వండుకుని, తిని, గిన్నెలు కడిగి బోర్లించేది. ఆయన తిరిగొచ్చేసరికి పొయ్యిలు చల్లారిపోయి ఉండేవి. దీని గురించి ఇటువాళ్ళు గాని అటు ఆయన గాని ఎన్నడూ నోరెత్తలేదు.

పునర్మదింపు రోజు రానే వచ్చింది. బృందంతో పాటు ఎర్రగా, పొడుగ్గా ఉన్న ఒక పెద్దావిడ జీపు దిగింది. విద్యాధర్ గారు పరిచయం చేశారు.

“వీరు శ్రీమతి హెల్గా గారు. చలిదేశంలో సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. మీ ప్లాంటుకి ఏళ్ళ తరబడి నెలనెలా ఇస్తున్న దాతల్లో ఒకరు. సొంత ఖర్చులతో చూడ్డానికి వచ్చారు.”

“ఈవిడేనా పరిగెత్తేది?” అంది ఆదెమ్మ నాంచారయ్య చెవిలో.

“ఈవిడ నెలనెలా ఇచ్చే రకమంట పిన్నీ.”

“పోన్లే, పాపం.”

మదింపు దివ్యంగా సాగింది. చల్లారిన పొయ్యిలు చూశారు. బోర్లించిన గిన్నెలు చూశారు. నెయ్యి ఎక్కడా కనపడలేదు. బృందం నాయకుడు తల ఆడిస్తూ గడులు నింపుతుంటే విద్యాధర్ గారు నాంచారయ్య వైపు చూసి కళ్ళతోనే మెచ్చుకున్నారు. ఇంకొక్క గడి నిండితే ప్లాంటు నిలిచినట్టే.

అంతలో హెల్గమ్మ నవారు మంచం మీద కూలబడింది. మొహం కందిపోయింది. పెదవులు తెల్లగా ఎండిపోయాయి. బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుని చూపించింది. దాహం. ఆ సైగకి ఏ భాషా అక్కర్లేదు.

విద్యాధర్ గారు గబగబా వచ్చి నాంచారయ్య చెవిలో గొణిగారు. “తొందరపడకండి. మీరు నీళ్ళిస్తే ‘నీటి కొరత కనబడలేదు’ అని రాస్తారు. మొత్తం పోతుంది. జీపులో సీసాలున్నాయి. డ్రైవర్ని పంపించాను.”

జీపు మడుల అవతల, రోడ్డు మీద ఉంది. డ్రైవరు గట్టు మీద నడుస్తూ చీమంత కనిపిస్తున్నాడు.

నాంచారయ్య ఇస్తే ప్లాంటు పోతుంది. ఎండాకాలమంతా ఆడవాళ్ళు కాలవ రేవు దాకా నడవాలి. ఇవ్వకపోతే, ఆ నీళ్ళు ఎవరి చలవో ఆవిడే తన అరుగు మీద కూర్చుని గుక్కెడు అడిగితే లేదన్నవాడవుతాడు. ఆ తరవాత రోజూ ఏ మొహంతో దేవుడి ముందు దీపం పెడతాడు? ఎటూ తేలక గుమ్మం వైపు చూశాడు. శేషారత్నం అప్పటికే ఇత్తడి చెంబుతో నిలబడి ఉంది.

“మోకాళ్ళు నావి. మీరేం ఆలోచించకండి” అని, ఆయన్ని దాటుకుని వెళ్ళి హెల్గమ్మ చేతిలో చెంబు పెట్టింది.

నీళ్ళిచ్చాక ఇంక ఆగడం ఎవరి తరం? ఆదెమ్మ విసనకర్రతో వచ్చి పక్కన కూర్చుంది. ఏ ఇంట్లోంచి ఏది వచ్చిందో తెలియదు గాని, కాసేపటికి విస్తరి నిండా పీతల పులుసు, రొయ్యల వేపుడు, గోంగూర, ముద్దపప్పు వచ్చి చేరాయి. మురహరి విధి ప్రకారం లేచి అడ్డుకోవాలి. ఆయన సముద్రం వైపు తిరిగి, అలలు ఎప్పుడూ చూడనట్టు చూస్తూ నిలబడ్డాడు. శేషారత్నం ఆయనకీ విస్తరి వేసింది. “ఇన్నాళ్ళ భోజనం బాకీ ఉన్నారు. కూర్చోండి” అంది. ఆయన కూర్చున్నాడు.

హెల్గమ్మ వేళ్ళ సందుల్లోంచి పులుసు కార్చుకుంటూ తిన్నది. కారానికి కళ్ళ నీళ్ళు పెట్టుకుని నవ్వింది. ఆదెమ్మ ఆవిడ అరచెయ్యి పట్టుకుని చూసి, “బస్సు తోలిన చెయ్యి. కాయలు కాసిపోయింది తల్లీ” అంది. ఆవిడకేం అర్థమయిందో, ఆదెమ్మ చెయ్యి తిప్పి ఉప్పు మడుల్లో కాసిన కాయలు చూసి తల ఊపింది.

వారం తిరిగేలోపు ప్లాంటుకి తాళం పడింది. విద్యాధర్ గారే స్వయంగా వేశారు. “నా చేతుల్లో ఏమీ లేదు” అంటూ వేశారు. చేతిలో తాళంచెవి ఉంది. శేషారత్నం అటకెక్కించిన పాత బిందెలు దింపి చింతపండుతో తోముకుంది. పొద్దున్నే ఆడవాళ్ళ వరస మళ్ళీ కాలవ రేవు వైపు నడిచింది. ఆమె అందరికంటే వెనక, ఆగి ఆగి నడిచేది. నాంచారయ్య ఒక బిందె అందుకోబోతే, “ఉప్పు మడి ఎవరు చూస్తారు, నేనా?” అని కసిరేది. హెల్గమ్మకి పెట్టినందుకు మాత్రం ఒక్కనాడూ చింతించలేదు.

ఎండలు ముదిరాక ఒక రోజు జీపు వచ్చింది. విద్యాధర్ గారు పూలదండతో దిగారు. దిగీ దిగగానే దాన్ని నాంచారయ్య మెడలో వేశారు.

“ఏంటండీ ఇది?”

“అభినందనలు. మీరు విశిష్ట దాత అయ్యారు.”

సంగతి ఇలా జరిగింది. హెల్గమ్మ చాలా నిక్కచ్చి మనిషి. సమాఖ్య బృందంతో వెళ్ళినవాళ్ళు ఒక కప్పు కాఫీకి మించి ఎవరి దగ్గర ఏం పుచ్చుకున్నా ప్రకటించాలని నియమం. ఆవిడ తిరిగి వెళ్ళగానే పీతల పులుసు, రొయ్యల వేపుడు అన్నీ వరసగా రాసిచ్చింది. అక్కడి లెక్కల విభాగం వాటికి అక్కడి హోటలు ధరలు కట్టింది. చలిదేశంలో పీతలు మహారాజులు తినే తిండిట. పైగా ప్రతిఫలం అడగకుండా సమాఖ్య బృందంలోని మనిషికి ఏదైనా ఇచ్చినవారిని దాతగా నమోదు చెయ్యాలన్నది నియమావళి. దాతలకి మెట్లున్నాయి. చప్పిడిపాలెం ఒక్క పూటలో పై మెట్టుకి చేరిపోయింది.

“దాతలకి క్షేత్ర సందర్శన సౌకర్యం ఉంటుంది. తమ ఔదార్యం ఎక్కడ అవసరమో స్వయంగా చూడొచ్చు. జీపెక్కండి” అన్నారు విద్యాధర్ గారు.

నాంచారయ్య దండతోనే జీపెక్కాడు. జీపు రోడ్డు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, చప్పిడిపాలెంలో ఆయన అరుగు ముందే ఆగింది. జిల్లాలో సమాఖ్య చూపించగలిగిన నీళ్ళు లేని ఊరు అదొక్కటే. దాతకి స్వాగతం చెప్పాల్సింది లబ్ధిదారుల సంఘం అధ్యక్షుడు. ఆ అధ్యక్షుడు జీపులో ఉన్నాడు. చివరికి ఆదెమ్మ వచ్చి, “దిగరా, నీ ఇల్లే” అంది.

విద్యాధర్ గారు గ్రామ పరిస్థితిని దాతకి వివరించారు. “చూశారుగా. నీళ్ళ ప్లాంటు మూతపడి ఉంది. స్త్రీలు చాలా దూరం నడుస్తున్నారు. మోకాలి నొప్పులు విస్తృతంగా ఉన్నాయి.”

“తెలుసండీ” అన్నాడు నాంచారయ్య. “ఒక్క మాట అడగనా? దాత తన సొమ్ము ఫలానా దానికే వాడమంటే వాడతారా?”

“ఎంత మాట. దాత అభీష్టం మాకు శిరోధార్యం. లబ్ధిదారుడి అభీష్టం పరిశీలనార్హం.”

“మేం చెప్పినప్పుడు తాళం ఎందుకు తియ్యలేదండీ?”

“అప్పుడు తమరు లబ్ధిదారులు.”

“ఇప్పుడు దాతగా చెబుతున్నాను. మా ఊరి పీతలు, రొయ్యలు, గోంగూర, వాటి విలువంతా ఆ ప్లాంటుకే వాడండి.”

విద్యాధర్ గారు నిటారుగా నిలబడ్డారు. విశిష్ట దాత ఎంత ఇస్తే పెద్దాఫీసు అంత జత చెయ్యాలని కూడా నియమం ఉందని ఆయనకి అప్పుడే గుర్తొచ్చింది. సాయంత్రం కాకముందే తాళం తీశారు. కొత్త వడపోత సామాను వచ్చింది. గొట్టంలోంచి నీళ్ళు తియ్యగా పడ్డాయి. మొదటి బిందె శేషారత్నం పట్టింది. ఆదెమ్మ సముద్రం వైపు తిరిగి, “ఇంక కాసేపు కూర్చోండి నాయనా” అంది.

ఇలా దాతల్లో చేరినందువల్ల చప్పిడిపాలేనికి కొత్త మర్యాదలు మొదలయ్యాయి. సమాఖ్య క్యాలెండరు వచ్చింది. దాతల క్షేమం కనుక్కోవడానికి హైదరాబాదు నుంచి మురహరి ఫోను చేసేవాడు. ఆయన ఉద్యోగం ఇప్పుడు దాతల ఆదరణ విభాగంలో. ఇంకా ఏమైనా ఇవ్వగలరా అని అడగడం ఆయన పని. ఆ మాట మాత్రం ఎప్పుడూ అడగలేదు. భోంచేశారా అని అడిగి పెట్టేసేవాడు.

వానాకాలంలో విద్యాధర్ గారు ఒక విజ్ఞప్తి తెచ్చి చదివి వినిపించారు. చలిదేశంలో నది పొంగి ఊళ్ళ మీద పడింది. జనం బడుల్లో తలదాచుకున్నారు. ప్రపంచంలోని విశిష్ట దాతలందరూ తలో చెయ్యి వెయ్యాలి. అక్కడ కంబళ్ళు చాలడం లేదు.

“హెల్గమ్మ గారి ఊరా?” అని అడిగింది శేషారత్నం.

“ఊరి పేరు రాయలేదమ్మా. ఇది అందరు దాతలకీ పంపే నమూనా ఉత్తరం. మీరు పట్టించుకోనక్కర్లేదు.”

నాంచారయ్యకి వాళ్ళమ్మ గుర్తొచ్చింది. ఆయన ఆరేళ్ళ పిల్లవాడుగా ఉన్నప్పుడు ఉప్పెన వచ్చింది. నీళ్ళు తీశాక, తడిసి వణుకుతున్న వాళ్ళమ్మ భుజాల మీద ఎవరో లారీలోంచి ఒక బూడిదరంగు కంబళి కప్పారు. ఏ దేశం నుంచి వచ్చిందో, ఎవరిచ్చారో తెలియదు. ఆ కంబళిలో తల్లీకొడుకులు ఎన్నో రాత్రులు ఒకటిగా పడుకున్నారు. పోయేదాకా ఆవిడ, “అది ఊరికే వచ్చింది కాదురా, బదులు తీసుకున్నాం” అంటుండేది. తీరుద్దామంటే ఎక్కడ తీర్చాలో తెలియలేదు.

మర్నాడు ఆయన పట్టణం వెళ్ళి బజారంతా తిరిగి ఒక మంచి కంబళి కొన్నాడు. ఆ వేడి ఊళ్ళో కంబళి అడిగినవాణ్ణి కొట్టువాళ్ళు వింతగా చూశారు. జిల్లా ఆఫీసులో విద్యాధర్ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి నొసలు ముడేశారు.

“మీ సహృదయం శ్లాఘనీయం. కాని దీని విలువ కంటే రవాణా వ్యయం ఎక్కువ. నాణ్యతా పరీక్ష ఉంటుంది. వస్తురూపంలో కాకుండా—”

“దాత అభీష్టమండీ.”

విద్యాధర్ గారు కంబళి అందుకున్నారు.

“చీటీ మీద దాత పేరు?” అని అడిగారు.

నాంచారయ్య వాళ్ళమ్మ పేరు చెప్పాడు. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గోడమీది అమ్మ పటానికి దీపం పెట్టాడు.

“ఇచ్చేశానమ్మా” అన్నాడు.